మీ ప్యాకెట్‌ను పోలిన ప్యాకెట్ మార్కెట్లోకి వస్తే ఆధారాలు ఎలా సిద్ధం చేయాలి?

పేరు వేరు, తయారుచేసింది వేరే కంపెనీ. కానీ రంగులు, బొమ్మ, అక్షరాల వాలు అన్నీ మీ ప్యాకెట్‌వే. ఆహార వ్యాపారంలో ఇది కొత్త కాదు. అలా జరిగినప్పుడు అందరూ చేసే పనీ ఒక్కటే. రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తారు, కోపంగా నాలుగు మాటలు రాసి లాయర్‌కు పంపేస్తారు. ఆ ఫొటో వల్ల కేసుకు మేలు కన్నా కీడే ఎక్కువ.

మీ పేరే ముద్రించి అమ్మితే అది నకిలీ సరుకు, దాని దారి వేరు. ఇక్కడ చెప్పేది సొంత పేరు పెట్టుకుని మీ రూపాన్ని వాడుకునేవాళ్ల గురించి. ట్రేడ్‌మార్కులు, పేటెంట్ల వంటి హక్కుల మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందంలోని 10బిస్ అధికరణం దీన్ని అన్యాయమైన పోటీగా చూస్తుంది. కొనేవాళ్లను తికమకపెట్టే పనులను అడ్డుకోవాలని సభ్య దేశాలకు చెబుతుంది. చట్టం వివరాలు దేశాన్ని బట్టి మారతాయి. మీరు తయారుచేయాల్సిన ఫైలు మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే.

మొదటి మెట్టు: కొనండి

కనీసం మూడు ప్యాకెట్లు, వేర్వేరు షాపుల్లో, బిల్లుతో సహా కొనండి. ఒకటి అసలు విప్పకండి. బ్యాచ్ నంబరు, తేదీ కనిపించేలా ఫొటో తీయండి. ర్యాక్‌లో ఎలా పేర్చారో కూడా, కొనేవాళ్లు నిలబడే దూరం నుంచి తీయండి. షాపువాడితో వాదన పెట్టుకోకండి. ప్యాకెట్లను వెలుతురు తగలనిచోట దాచండి, రంగు వెలిసిపోతే పనికిరావు.

రెండో మెట్టు: మీ తేదీలు

ఈ డిజైన్‌కు మొదటి ప్రింటింగ్ బిల్లు, ఆర్ట్‌వర్క్ ఫైలు, ప్రకటనలు, ఏడాదివారీ అమ్మకాలు ఒకచోట చేర్చండి. మధ్యలో డిజైన్ మార్చి ఉంటే ప్రతి రూపానికీ విడిగా తేదీ వేయండి. జనం గుర్తుపట్టే రూపం ఏదో అదే మీ బలం. నిన్నగాక మొన్న మార్చిన రూపాన్ని చూపించి పాతికేళ్ల పేరు ఉందంటే నిలబడదు.

మూడో మెట్టు: పోలిక

పనంతా చెడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

షాపులో ఎవరూ రెండు ప్యాకెట్లు చేతిలో పట్టుకుని తేడాలు వెతకరు. పోయిన నెల కొన్నదాని రూపం మనసులో మసగ్గా ఉంటుంది. ర్యాక్ వైపు ఒక చూపు చూస్తారు, చెయ్యి చాపి బుట్టలో వేసుకుంటారు. కోర్టులు లెక్కలోకి తీసుకునేదీ ఇలాంటి మనిషినే. 1972లో పార్లే బిస్కెట్ల రేపర్ కేసులో భారత సుప్రీంకోర్టు, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడం కాదు, ముఖ్యమైన లక్షణాలు కలుస్తున్నాయా అన్నదే చూడాలని చెప్పింది. పార్లే రేపర్ మీద నీళ్ల బకెట్ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్లు. రెండోదాని మీద అమ్మాయి నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి. ఆవులూ కోళ్లూ అక్కడా ఉన్నాయి, సైజు, రంగులు దాదాపు అవే. పార్లేయే గెలిచింది. పక్కపక్కన పెట్టిన ఫొటోలో బకెట్, కొడవలి కళ్లలో పడతాయి. అవతలి లాయర్‌కు కావలసిందీ అదే.

కాబట్టి ముందు అందరి ప్యాకెట్ల మీదా ఉండేవాటిని జాబితాలోంచి కొట్టేయడంతో మొదలుపెట్టండి. అదే రకం సరుకు అమ్మే ఇతర కంపెనీల ప్యాకెట్లు పది తెచ్చి ఒకచోట పరచండి. అన్నింటి మీదా ఉన్నది మీది కాదు. నిమ్మ రుచికి పసుపు, కాఫీకి గోధుమరంగు, లోపలి సరుకు కనిపించే పారదర్శక కిటికీ... ఇవన్నీ అందరివీ. ఇక్కడ యజమానులకు మనసు ఒప్పదు. "పసుపు మాదే" అని పట్టుబడతారు. అవతలివాళ్లు పది పసుపు ప్యాకెట్లు బల్ల మీద పెట్టగానే మీ మిగతా మాటలకూ విలువ పోతుంది.

కొట్టేయగా మిగిలేది అమరిక. ఏ రంగు ఎక్కడ ఆగింది, పేరు ఏ వాలులో ఉంది, బొమ్మ ఏ మూలన, ఎంత మేర ఉంది అన్నవి. దాంతోపాటు ఏ ప్రయోజనమూ లేని చిన్న వివరం కోసం భూతద్దం పెట్టి వెతకండి. నిమ్మ సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టి చేసే పానీయం) విషయంలో థాచర్స్ కంపెనీ, ఆల్డీ సూపర్‌మార్కెట్ మీద వేసిన కేసులో థాచర్స్ డిజైన్‌లోని సన్నటి అడ్డగీతలు ఆల్డీ ప్యాకింగ్ మీదా కనిపించాయి. నిమ్మ అమ్మడానికి ఆ గీతలతో పనేముంది? 2025 జనవరిలో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు థాచర్స్ వైపే తీర్పు ఇచ్చింది.

ఆ తర్వాతే మనుషులకు చూపించాలి. అసలు ప్యాకెట్‌నే చూపించండి, ఫోన్ తెర మీద చూపించడం అస్సలు వద్దు. మీ ఇంటివాళ్లు, ఆఫీసువాళ్లు లెక్కలోకి రారు. రెండు మీటర్ల దూరం, రెండు సెకన్లు, వెంటనే మూసేయండి. అడగాల్సింది ఒకే మాట: "ఏం చూశారు?" "ఇది మా ప్యాకెట్‌లా ఉందా?" అని అడిగితే మొహమాటానికైనా అవుననే అంటారు, ఆ జవాబు చెత్తబుట్టకే. వాళ్లన్న మాటను అన్నట్టే రాయండి. సరైన పేరు చెప్పినవాళ్లనూ రాయండి, దాచిపెట్టకండి. కోర్టుకు కావలసిన సర్వే లాయర్ వేరేగా చేయిస్తారు. ఇది మీ కేసులో పస ఉందో లేదో తెలుసుకోవడానికి.

తేడాలు లెక్కపెట్టే పద్ధతి కూడా ఒకటి ప్రచారంలో ఉంది. ఇన్ని మార్పులు చేస్తే చాలు, కాపీ కిందికి రాదంటారు. చట్టంలో అలాంటి అంకె లేదు. 1997లో ఇంగ్లండ్‌లో పెంగ్విన్ బిస్కెట్లకు పోటీగా ఆస్డా సూపర్‌మార్కెట్, పఫిన్ అనే మరో పక్షి పేరుతో బిస్కెట్లు తెచ్చింది. పక్షి వేరు, పేరు వేరు. పేరు విషయంలో ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన లేదన్న కోర్టే, ప్యాకింగ్ విషయంలో మాత్రం ఆస్డాను తప్పుపట్టింది. 1990లో జిఫ్ నిమ్మరసం అమ్మే నిమ్మకాయ ఆకారపు సీసా కేసులో పోటీదారు సీసాకు సొంత లేబుల్ ఉంది. జాగ్రత్తగా చదివితే మోసపోరు కదా అన్న వాదనను అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత కోర్టు అయిన ప్రభువుల సభ ఒప్పుకోలేదు. వెనక వైపు మా పేరు ముద్రించాం కదా అని అవతలివాళ్లు అంటే భయపడకండి.

నాలుగో మెట్టు: నోటీసు

ఫైలు లాయర్‌కు ఇచ్చి, నోటీసు వాళ్ల చేతే పంపించండి. సోషల్ మీడియాలో పెట్టకండి, ఫోన్ చేసి బెదిరించకండి. కొన్ని దేశాల్లో ఆధారం లేని ట్రేడ్‌మార్క్ బెదిరింపు మీద అవతలివాళ్లే కేసు వేయవచ్చు. అలాగని నెలల తరబడి ఊరుకోవద్దు, ఆలస్యమైతే అత్యవసర స్టే దొరకడం కష్టం. ఏం ఆపాలో, మిగిలిన రేపర్లను ఏం చేయాలో, ఎప్పటిలోగానో నోటీసులో తేదీతో సహా ఉండాలి.

చాలామంది రాజీకి వచ్చి, మార్చిన డిజైన్ బొమ్మ పంపుతారు. బొమ్మ చూసి సంతకం పెట్టకండి. అచ్చువేసి, సరుకు నింపిన ప్యాకెట్ తెప్పించుకోండి. ఇదివరకు చూడని కొత్త మనుషులకు మళ్లీ రెండు మీటర్ల దూరం నుంచి, రెండు సెకన్లు చూపించి, ఆ జవాబులు చదివాకే ఒప్పుకోండి.