మంచం పట్టినవాళ్లని మొదటి హెచ్చరికకే గట్టెక్కించండి

గోదావరి లంకల్లో వరద సాయానికి తిరిగే మన కుర్రాళ్లకి ముందే చెప్తున్నా, ఈసారి నడవలేని పెద్దవాళ్లని రెండో ప్రమాద హెచ్చరిక దాకా ఇంట్లో ఉంచొద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఓపికున్నవాళ్లు ఎప్పుడైనా చెప్పులేసుకుని గట్టెక్కేస్తారు, మంచంలో ఉన్న తాతగారికి మాత్రం నలుగురు మనుషులు, పడవ, అవతలొడ్డున బండి కావాలి, రెండోది ఎగరేసేసరికి కాజ్‌వేలు మునిగి పడవలు ఖాళీ ఉండవు. అసలు ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వినగానే కదిలితే ఇంకా మంచిది. 2022 జులైలో అక్కడ 71 దాటింది, గుర్తుందిగా.

ఆ ఏడాదే ఓ మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీతో సహా పడవెక్కించాం. పడవ ఊగగానే ఆవిడ ముందుకి జారిపోయారు, కోడలు పట్టుకోబట్టి సరిపోయింది. కుర్చీ రేవు దాకానే. పడవలో అడుగున బొంత పరిచి కూర్చోబెట్టి, లైఫ్ జాకెట్ వేసి, వెనక ఒకరు ఆసరాగా కూర్చోవాలి. జారతారని కుర్చీకి కట్టేయడం మాత్రం వద్దు, పడవ తిరగబడితే ఇంకేమన్నా ఉందా! చంకల్లో చేతులేసి లాగొద్దు, భుజం జారుతుంది. యూరిన్ బ్యాగ్ ఉంటే ఎత్తేటప్పుడు నడుము కన్నా కిందే ఉండాలి.

ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లు అందరికన్నా ముందు, కరెంటు పోతే అంతే కాబట్టి. బీపీ, షుగర్ మాత్రలు రెండు వారాలకి సరిపడా, చీటీతో సహా ప్లాస్టిక్ కవర్లో. ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్‌ని కవర్లో చుట్టి తడి ఇసుక పోసిన కుండలో పెట్టండి, ఐసులో వద్దు.

ఇక చూసుకునే మనిషి. కోడలో కూతురో, ఎవరైనా సరే, అదే పడవలో రావాలి. ఏ పక్కకి తిప్పితే నొప్పో, మాత్ర దేంట్లో కలిపితే మింగుతారో ఆవిడకే తెలుసు, మతిమరుపు ముదిరినవాళ్లు ఆ ముఖం కనపడకపోతే కంగారుపడి లేచి వెళ్లిపోతారు కూడా. శిబిరంలో రెండు గంటలకోసారి పక్కకి తిప్పే పని రాత్రి మనం తీసుకుంటే ఆవిడ కాస్త కునుకు తీస్తుంది. అడిగితే "పర్లేదు బాబూ" అంటుంది, నమ్మొద్దు.

కళ్లజోడు, చేతికర్ర, కట్టుడు పళ్లు కూడా చూసుకోండి. ఒకసారి అన్నీ తెచ్చి పళ్ల డబ్బా గూట్లో వదిలేశాం, ఆ తాతగారు మూడు రోజులు పులిహోర పొట్లం చూస్తూ మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.