పబ్లిక్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చదువు ఎలా ఉంటుందో చేరకముందే ఎలా తెలుసుకోవాలి?

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలు పన్నెండో తరగతికి వచ్చారంటే భోజనాల దగ్గర ఒకటే చర్చ. రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ, అందులో కంప్యూటర్ సైన్స్, సీటు రాకపోతే ఎలా అన్న టెన్షన్. ఈ చర్చలో ఎవరైనా "లిబరల్ ఆర్ట్స్ కాలేజీ" అంటే పెద్దవాళ్లు వెంటనే తల అడ్డంగా ఊపుతారు. ఆర్ట్స్ అంటే ఎంపీసీ, బైపీసీ దొరకనివాళ్లు తీసుకునే గ్రూపు అని మనకు ఇంటర్ రోజుల్లోనే ఎవరో నూరిపోశారు. ఆ అర్థాన్నే సముద్రాలు దాటించి తెచ్చుకున్నాం. దానివల్ల కొన్ని మంచి ప్రభుత్వ కాలేజీలు మన పిల్లల జాబితాలోకే రావడం లేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే ఇలాంటి కాలేజీని ఎలా పరిశీలించాలో ఒక్కో మెట్టుగా రాస్తున్నాను. హైదరాబాద్, విజయవాడల నుంచి డిగ్రీకే అమెరికా వెళ్దామనుకునేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

1. ముందు ఆ పేరుకు అర్థం సరిచేసుకోండి

లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్, బయాలజీ, కంప్యూటర్ సైన్స్ కూడా ఉంటాయి. తేడా సబ్జెక్టుల్లో కాదు, చదువు చెప్పే పద్ధతిలో ఉంది. ఇక్కడ డిగ్రీ పిల్లల చదువే కాలేజీకి అసలు పని. పీహెచ్‌డీ కోర్సులు దాదాపు ఉండవు. కాబట్టి మొదటి ఏడాది క్లాసును కూడా చాలావరకు ప్రొఫెసర్లే చెబుతారు. ప్రయోగశాలలో ప్రొఫెసర్‌కి సాయం కావాలంటే ఉన్నది డిగ్రీ విద్యార్థులే, ఆ పని వాళ్ల చేతికే వస్తుంది. లెక్కలు మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, చదివే అమ్మాయి కూడా సాధారణంగా చరిత్ర, ఒక భాష, రాత కోర్సుల్లాంటివి చదవాల్సి ఉంటుంది.

ఈ తరహా కాలేజీల్లో పేరున్నవి ఎక్కువగా ప్రైవేటువి, ఫీజులు భారీగా ఉంటాయి. అదే చదువును రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలో చెబితే అది పబ్లిక్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ.

2. ఏవేవి ఉన్నాయో చూడండి

ఇలాంటి కాలేజీలు 1987లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. దాని పేరు కౌన్సిల్ ఆఫ్ పబ్లిక్ లిబరల్ ఆర్ట్స్ కాలేజెస్, పొట్టిగా కాప్లాక్. ఆ సభ్యుల జాబితాతో మొదలుపెట్టండి. న్యూయార్క్‌లో సునీ (స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్) జెనెసియో, మిస్సోరిలో ట్రూమన్ స్టేట్, వర్జీనియాలో మేరీ వాషింగ్టన్, నార్త్ కరోలినాలో ఆష్‌విల్, మిన్నెసోటాలో మోరిస్, వాషింగ్టన్ రాష్ట్రంలో ఎవర్‌గ్రీన్ తెలిసిన పేర్లలో కొన్ని.

నేను ఉదాహరణగా ఎక్కువగా చెప్పేది మేరీలాండ్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీ. 1840లో ఆడపిల్లల బడిగా మొదలైంది. 1992లో రాష్ట్రం దానికి పబ్లిక్ ఆనర్స్ కాలేజీ హోదా ఇచ్చింది. వాషింగ్టన్ డీసీ నుంచి దక్షిణంగా సుమారు రెండు గంటల దూరం. క్యాంపస్ నది ఒడ్డునే ఉంటుంది, బయాలజీ పిల్లలు అక్కడే నీళ్ల నమూనాలు తీసుకోవచ్చు. పక్కనే 1634లో వెలిసిన మేరీలాండ్ మొదటి రాజధాని తాలూకు తవ్వకాల స్థలం ఉంది. పురావస్తు శాస్త్రం చదివేవాళ్లు పాఠం విని ఊరుకోరు, మట్టి తవ్వి చూస్తారు. చుట్టుపక్కల కౌంటీల్లో ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్నా ఈ కాలేజీ పేరు మన మాటల్లో ఎంత అరుదుగా వినిపిస్తుందో!

3. కేటలాగ్ కాదు, టైమ్‌టేబుల్ చదవండి

అన్ని మెట్లలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కటే. కాలేజీ కేటలాగ్‌లో కోర్సులు యాభై కనిపిస్తాయి. చిన్న కాలేజీలో ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లు ఐదారుగురే ఉండొచ్చు, కాబట్టి పై స్థాయి కోర్సులను రెండేళ్లకోసారి మాత్రమే నడుపుతుంటారు. మీ అబ్బాయికి కావాల్సిన కోర్సు అతను మూడో ఏడాదిలో ఉన్నప్పుడు రాకపోతే నాలుగో ఏడాదిలో రావాలి. అప్పుడు కూడా రాకపోతే ఇక లేనట్టే.

కాబట్టి ఇలా చేయండి. కాలేజీ రిజిస్ట్రార్ పేజీలో గత నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుల్స్ తెరవండి. చాలా కాలేజీల్లో ఎవరైనా చూడొచ్చు. మీకు కావాల్సిన మేజర్‌లో పైస్థాయి కోర్సులు ఏవి నిజంగా నడిచాయో, ఎన్ని సీట్లకు ఎంతమంది చేరారో కాగితం మీద రాసుకోండి. ఒకే ప్రొఫెసర్ పేరు అన్నిటి పక్కనా కనబడితే జాగ్రత్త. ఆయన ఏడాది సెలవు మీద వెళితే ఆ మేజర్ పరిస్థితి ఏమిటో అడగాలి. ఈ పనికి ఒక సాయంత్రం చాలు. ర్యాంకుల జాబితాలో దొరకని విషయం ఇక్కడ దొరుకుతుంది.

అలాగే చివరి ఏడాదిలో ఏం చేయిస్తారో చూడండి. సెయింట్ మేరీస్‌లో విద్యార్థి ఒక అంశం ఎంచుకుని, ఒక ప్రొఫెసర్ దగ్గర నెలల తరబడి పని చేసి పూర్తిచేసే పెద్ద ప్రాజెక్టు ఉంది. జెనెసియోలో ఏప్రిల్‌లో ఒక రోజు మామూలు క్లాసులు ఆపేసి, విద్యార్థులే తమ పరిశోధనలను అందరి ముందూ వివరిస్తారు. దాన్ని గ్రేట్ డే అంటారు. ఎవర్‌గ్రీన్ పద్ధతి పూర్తిగా వేరు. ఒకేసారి నాలుగైదు కోర్సులు విడివిడిగా చదవడం కాకుండా, ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి చెప్పే ఒకే పెద్ద కార్యక్రమంలో చేరొచ్చు. చివర్లో గ్రేడ్ ఉండదు, ఏం నేర్చుకున్నావో వివరంగా రాసిస్తారు. మార్కు లేకపోతే చదవని పిల్లలు ఉంటారు, మార్కు చూస్తేనే బెదిరే పిల్లలూ ఉంటారు. మీ పిల్లలు ఏ రకమో మీకే తెలుసు.

4. క్లాసులో ఎంతమంది ఉంటారో అంకెల్లో చూడండి

ప్రచార పుస్తకంలో "12 మందికి ఒక టీచర్" అని ఉంటే క్లాసులో 12 మందే ఉంటారని కాదు. ఆ లెక్క మొత్తం విద్యార్థులను మొత్తం టీచర్లతో భాగిస్తే వచ్చేది. అసలు సంగతి కామన్ డేటా సెట్ అనే పత్రంలో ఉంటుంది. కాలేజీ పేరుతో కలిపి వెతికితే వస్తుంది. అందులో ఐ (I) విభాగంలో 10 మంది లోపు క్లాసులు ఎన్ని, 20 నుంచి 29 మంది ఉన్నవి ఎన్ని, 100 దాటినవి ఎన్ని అని పట్టిక ఉంటుంది. బి (B) విభాగంలో మొదటి ఏడాది తర్వాత ఎంతమంది మళ్లీ వచ్చారో, ఎంతమంది డిగ్రీ పూర్తిచేశారో ఉంటుంది. మొదటి ఏడాది తర్వాతే చాలామంది వెళ్లిపోతుంటే కారణం అడగకుండా వదలొద్దు.

5. వెళ్లి క్లాసులో కూర్చోండి

అడ్మిషన్ ఆఫీసు వాళ్లు చూపించే టూర్‌తో సరిపెట్టుకోవద్దు. ముందుగా మెయిల్ రాసి, మీ పిల్ల చదవాలనుకునే మేజర్‌లో రెండో ఏడాది క్లాసు ఒకటి చూడొచ్చా అని అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు. క్లాసులో పిల్ల ఒక్కతే కూర్చుంటే మంచిది. అమ్మానాన్నలు బయట కాఫీ తాగుతూ ఉండొచ్చు.

అక్కడ గమనించాల్సింది టీచర్ ఎంత బాగా మాట్లాడారన్నది కాదు. పిల్లలను పేరు పెట్టి పిలుస్తున్నారా? తప్పు జవాబు చెప్పినవాడితో టీచర్ ఇంకో ప్రశ్న వేసి ఆలోచింపజేస్తున్నారా, లేక పక్కవాడి దగ్గరికి వెళ్లిపోతున్నారా? చేతులెత్తేది ముందు వరుసవాళ్లేనా? టీచర్ తమ వ్యాసాలు ఎలా దిద్దారో ఒకసారి చూపించమని ఆ విద్యార్థుల్లో ఎవరినైనా అడగండి. రెండు పేజీల వ్యాసం మీద అర పేజీ వ్యాఖ్యలు ఉంటే ఆ చదువు మీద నాకు నమ్మకం కుదురుతుంది. మన దగ్గర వందల మంది కూర్చునే కార్పొరేట్ కాలేజీల్లో చదివి వచ్చినవాళ్లకు, ఒక టీచర్ కూర్చుని తాము రాసిన వాక్యాన్ని దిద్దడం ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు.

6. డబ్బు, వీసా లెక్కలు

ప్రభుత్వ కాలేజీ చౌక అన్న మాట సొంత రాష్ట్రం వాళ్లకే పూర్తిగా వర్తిస్తుంది. బయటి రాష్ట్రం వాళ్లకు ఫీజు బాగా పెరుగుతుంది. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలను సొంత రాష్ట్రం వాళ్లుగా లెక్కించే నిబంధన రాష్ట్రానికో రకంగా ఉంది. ఫోన్‌లో చెప్పినదాన్ని నమ్మి ఆగకుండా కాలేజీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోగా చేతి నుంచి ఎంత పడుతుందో అంచనా వేసేది) ఉంటుంది, కానీ అది అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు వచ్చే సాయాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇండియా నుంచి ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లేవాళ్లు మెరిట్ స్కాలర్‌షిప్ గురించి విడిగా అడగాలి.

ఎఫ్-1 వాళ్లకు ఇంకో ముఖ్యమైన విషయం. చదువయ్యాక ఓపీటీ (చదివిన సబ్జెక్టుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) కింద 12 నెలలు పనిచేయొచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న డిగ్రీ అయితే మరో 24 నెలలు దొరుకుతాయి. జాబితాలో ఉందా లేదా అన్నది డిగ్రీ పేరును బట్టి కాదు, దానికి కాలేజీ ఇచ్చిన సిప్ (CIP) కోడ్‌ను, అంటే కోర్సుల వర్గీకరణ నంబరును, బట్టి తేలుతుంది. ఒక కాలేజీలో ఎకనామిక్స్ మామూలు కోడ్ కింద ఉంటే, ఇంకో కాలేజీలో ఎకనామెట్రిక్స్ కోడ్ కింద, అంటే స్టెమ్ కింద, ఉండొచ్చు.

7. బలహీనతలను ముందే అడగండి

ఈ కాలేజీలు రాష్ట్ర బడ్జెట్ మీద, రాష్ట్ర రాజకీయాల మీద ఆధారపడి ఉంటాయి. 2023 జనవరిలో ఫ్లోరిడా గవర్నర్ అక్కడి న్యూ కాలేజీకి ఒకేసారి ఆరుగురు కొత్త ట్రస్టీలను నియమించారు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే కాలేజీ నాయకత్వం మారింది, చాలామంది అధ్యాపకులు వెళ్లిపోయారు. ఆష్‌విల్‌లో 2024లో ఖర్చు తగ్గించుకోవడానికి ఫిలాసఫీ, డ్రామా వంటి మేజర్లను ఎత్తేయాలని నిర్ణయించారు. చేరిన తర్వాత మేజర్ మూసేస్తే ఉన్న విద్యార్థులను ఎలా పూర్తిచేయిస్తారని మొహమాటం లేకుండా అడగండి. కంపెనీల క్యాంపస్ రిక్రూట్‌మెంట్ పెద్ద యూనివర్సిటీల్లో ఉన్నంతగా ఇక్కడ ఉండదు. ఇంటర్న్‌షిప్ కోసం పిల్లలే చొరవ తీసుకోవాలి. ఇంజనీరింగ్ కావాలనుకుంటే ఇక్కడ మూడేళ్లు, ఇంకో యూనివర్సిటీలో రెండేళ్లు చదివే ఒప్పందం ఉందేమో చూడండి. అందులో రెండో చోట సీటు ఖాయమా, మళ్లీ పోటీ పడాలా అన్నది కనుక్కోవాలి.

8. ఆఖరి పది రోజులు

అమెరికాలో చాలా కాలేజీలకు మే 1 లోపు సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టాలి. అప్పటికి రాబోయే ఫాల్ సెమిస్టర్ టైమ్‌టేబుల్ చాలాచోట్ల బయటికి వచ్చేస్తుంది. మూడో మెట్టులో మీరు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని దాన్ని ఒకసారి సరిచూడండి. పిల్ల చేత ఆ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకరికి నాలుగు వాక్యాల మెయిల్ రాయించండి: తనకు దేని మీద ఆసక్తి, మొదటి ఏడాది నుంచే ల్యాబ్‌లోనో పరిశోధనలోనో చోటు దొరుకుతుందా అని. సెలవుల్లో జవాబు ఆలస్యం కావొచ్చు, వారం ఆగండి. వచ్చిన జవాబు ఆఫీసు వాళ్లు అందరికీ పంపే మాటల్లో ఉందా, లేక ఆ పిల్ల రాసిన ప్రశ్నకే రాసిందా చూసి, అప్పుడు డిపాజిట్ కట్టండి.