అంబాసిడర్ స్టీరింగ్ మొండికేస్తే: ముందు చక్రం చూడండి, ర్యాక్ సంగతి తర్వాత

మా బండి 1984 నాటి మార్క్ 4. కొన్నేళ్ల కిందట 65 దాటిందంటే చాలు, స్టీరింగ్ చేతిలో గజగజ వణికేది. ఒక షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ కనీసం జాకీ కూడా పెట్టకుండానే "ర్యాక్ పోయింది సార్" అన్నాడు. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలని అటూ ఇటూ నెట్టే పళ్ల కడ్డీ. నమ్మి మార్పించాను. బిల్లు కట్టి హైవే ఎక్కితే సరిగ్గా 65 దగ్గర మళ్లీ అదే వణుకు.

చివరికి ఇంటి దగ్గర నేనే చక్రం జాకీ మీద లేపాను. ఒక ఇటుక మీద చెయ్యి ఆనించి, టైరుకి వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పాను. చుట్టూ తగలకుండా తిరిగి, ఒక్కచోట మాత్రం సుద్ద గీసుకుంది. అక్కడ టైరు అరచెయ్యంత మేర ఉబ్బి ఉంది. లోపల పొర విడిపోయిన పాత టైరు. దాన్ని తీసేసి వేరే టైరు వేస్తే వణుకు పోయింది. ర్యాక్ డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

అంబాసిడర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైనా, కారు పునాది మాత్రం 1950ల నాటిదే. ముందు చక్రాలకి టోర్షన్ బార్లు (స్ప్రింగుల బదులు మెలితిరిగి బరువు మోసే ఇనుప కడ్డీలు), స్టీరింగ్‌కి ర్యాక్ అండ్ పినియన్. ప్రీమియర్ పద్మిని కారు ఉన్నవాళ్లకి ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్స్ ఉంటుంది కాబట్టి వాళ్ల తిప్పలు కొంచెం వేరు. మన ర్యాక్ గట్టిది. దాని చివర్ల ఉండే రబ్బరు తొడుగు, అంటే బూటు చిరగకుండా చూసుకుంటే అంత తొందరగా పోదు. దానికి ముందే పోయేవి టైరు, బేరింగ్, టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి వచ్చే కడ్డీని చక్రం వైపు కలిపే కీలు), కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఇరుసులా ఉండే పిన్). అందుకే వెతుకులాట ఎప్పుడూ రోడ్డు వైపు నుంచి స్టీరింగ్ వైపు రావాలి.

ఒక జాగ్రత్త. బండి కింద చెయ్యి పెట్టే పని ఏదైనా, జాకీని నమ్మొద్దు. స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలు వద్దు. బరువు పడితే చెప్పకుండా పగులుతాయి.

వేగం పెరిగితే స్టీరింగ్ వణుకుతోంది

నెలల తరబడి కదలకుండా ఉన్న బండి అయితే ముందు ఒక పది, పదిహేను కిలోమీటర్లు తిప్పండి. ఒకేచోట నిలబడి టైరు కింద భాగం చదునైపోతుంది. వేడెక్కితే మళ్లీ గుండ్రమవుతుంది, వణుకు దానంతటదే తగ్గుతుంది.

తగ్గలేదా? రిమ్ము లోపలి వైపు చూడండి. వానాకాలంలో పల్లె రోడ్డు మీద తిరిగి వస్తే అక్కడ బురద గడ్డకట్టి ఉంటుంది. ఆ గుప్పెడు మట్టి చాలు బ్యాలెన్స్ చెడగొట్టడానికి. గీకేసి కడగండి.

తర్వాత సుద్దముక్క పరీక్ష. టైరుకి ఒకసారి, రిమ్ము అంచుకి ఒకసారి చెయ్యండి. రిమ్ము వంగి ఉంటే ఎన్ని బరువులు కొట్టినా బ్యాలెన్స్ కుదరదు. వంగిన రిమ్మును వెనక చక్రానికి మార్చి సరిపెట్టుకునేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే వణుకు స్టీరింగ్‌లోంచి సీటులోకి మారుతుంది, అంతే.

టైరు వయసు పక్క గోడ మీదే ఉంటుంది. డాట్ (DOT) అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని అర్థం. మన బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు మీద గాళ్లు కొత్తవాటిలా లోతుగా ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. గాళ్లు చూసి మోసపోయినవాళ్లలో నేనొకణ్ని.

ఇవన్నీ బాగుండి కూడా వణికితే బ్యాలెన్సింగ్ చేయించి, అప్పుడు బేరింగులు, కింగ్ పిన్‌ల వైపు వెళ్లండి.

స్టీరింగ్‌లో ప్లే ఎక్కువగా ఉంది

ప్లే అంటే స్టీరింగ్ తిప్పినా చక్రాలు కదలని ఖాళీ. దాన్ని పట్టుకోవడం ఇద్దరు మనుషుల పని. బండి నేల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. పూర్తిగా తిప్పక్కర్లేదు, ప్లే ఉన్నంత మేరే. రెండోవాళ్లు కింద ఒక్కో కీలు మీద అరచెయ్యి పెట్టి చూడాలి. కంటికి కనపడని కదలిక చేతికి తెలుస్తుంది. ఒక వైపు కదిలి, రెండో వైపు ఆలస్యంగా కదిలే కీలు ఎక్కడుందో అదే దొంగ.

టై రాడ్ ఎండ్‌తో మొదలుపెట్టండి. అక్కడ టక్ మని తగిలితే అది మార్చాల్సిందే, బిగించి సరిచేసేది కాదు. బాగుంటే ర్యాక్ చివర్ల రబ్బరు బూటు మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకోండి. లోపలి బాల్ జాయింట్ వదులైతే బూటు లోంచే తెలుస్తుంది. ఆ తర్వాత ర్యాక్‌ని పట్టి ఉంచే బోల్టులు చూడండి. స్టీరింగ్ తిప్పినప్పుడు ర్యాక్ బాడీయే పక్కకి జరుగుతుంటే ర్యాక్ తప్పు కాదు, బోల్టులది. ఒక పానాతో అయిపోయే పనికి ర్యాక్ మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఇవేవీ కాకపోతేనే కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి ర్యాక్ దాకా దిగే కడ్డీ), ర్యాక్ పళ్లు చూడాలి.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు దాని బోల్టు కొసన సుత్తితో కొట్టకండి, మరలు చితుకుతాయి. నట్టు వదులు చేసి, అది కూర్చునే ఆర్మ్ కన్నానికి అటో సుత్తి, ఇటో సుత్తి పెట్టి ఒకేసారి పక్కల నుంచి కొట్టాలి. రెండు మూడు దెబ్బలకి టప్ మని ఊడుతుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్ప్లిట్ పిన్ వెయ్యండి. పాతదాన్ని వంచి మళ్లీ వాడడం స్టీరింగ్ దగ్గర మాత్రం పనికిరాదు.

చక్రం ఊగుతోంది, బేరింగా కింగ్ పిన్నా?

చక్రం లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఊగితే లోపల ఉన్నవాళ్లని బ్రేక్ గట్టిగా తొక్కమనండి. తొక్కగానే ఊపు ఆగిపోతే బేరింగ్. తొక్కినా ఊగుతుంటే కింగ్ పిన్, లేదా దాన్ని పట్టి ఉంచే ఆర్ముల బుష్షులు, అంటే లోపలి తొడుగులు. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే షెడ్డులో సగం వాదన తగ్గుతుంది. పక్కల నుంచి పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఊగితే మళ్లీ టై రాడ్ ఎండ్ దగ్గరికే వెళ్లాలి.

బేరింగ్ అయితే విప్పి, కడిగి, చూడండి. గోళీల మీద గానీ, అవి తిరిగే దారిలో గానీ గుంటలు, నీలం రంగు మరకలు కనిపిస్తే కొత్తది వెయ్యాలి. బాగుంటే ఏపీ-3 గ్రీజు నిండా పట్టించి వెయ్యండి. డ్రమ్ములో మాత్రం గ్రీజు కూరొద్దు. వేడికి కరిగి బ్రేక్ షూల మీదకి దిగుతుంది.

స్టీరింగ్ బరువుగా ఉంది, తిప్పాక తిరిగి రావట్లేదు

పవర్ స్టీరింగ్ లేని బండి. ఆగి ఉన్నప్పుడు బరువుగానే ఉంటుంది, దాన్ని జబ్బు అనుకోవద్దు. కదులుతున్నప్పుడు కూడా బరువుగా ఉంటే, మలుపు తిరిగాక చేత్తో వెనక్కి లాగాల్సి వస్తుంటే అది జబ్బే.

ముందు గాలి. నేను ముందు చక్రాలకి 26 పీఎస్ఐ పెడతాను, 20కి దిగిందంటే మణికట్టుకే తెలిసిపోతుంది. పంక్చర్ షాపు మీటర్లు ఒకదానికొకటి పొంతన ఉండవు. సొంత మీటరు ఒకటి డిక్కీలో పెట్టుకోండి. వెడల్పు టైర్లు వేయించి ఉన్నా బరువు పెరుగుతుంది. చూడ్డానికి బాగుంటాయి, తిప్పడానికి భుజాలు ఉండాలి.

గాలి బాగుంటే ముందు రెండు చక్రాలూ లేపి స్టీరింగ్ తిప్పండి. గాల్లో కూడా బిగుసుకుంటే రెండు టై రాడ్ ఎండ్‌లూ విప్పెయ్యండి. ఇప్పుడు స్టీరింగ్ విడిగా, చక్రాలు విడిగా ఉన్నాయి. ఒక్కో చక్రాన్నీ చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి, స్టీరింగ్‌నీ తిప్పి చూడండి. ఏది బిగుసుకుంటే జబ్బు అక్కడ. ఎక్కువసార్లు దొరికేది చక్రం వైపే, అంటే గ్రీజు లేక ఎండిపోయిన కింగ్ పిన్.

గ్రీజు కొట్టడంలో ఒక చిన్న కిటుకు ఉంది. సర్వీసింగ్‌లో బండి నేల మీద ఉండగానే గ్రీజు గన్ పెట్టి నాలుగు పోట్లు పొడిచి పంపేస్తారు. బరువు మీద ఉన్న పక్కకి గ్రీజు వెళ్లదు. చక్రం గాల్లో ఉండాలి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి. మొదట నల్లటి తారులాంటిది వస్తుంది, కొన్నిసార్లు తుప్పునీళ్లు. కొత్త గ్రీజు రంగు బయటికి కనిపించేదాకా ఆపొద్దు. ఎంత కొట్టినా లోపలికి పోకుండా గన్ మూతి పక్కనుంచే కక్కుతుంటే నిపుల్, అంటే గ్రీజు లోపలికి ఎక్కే చిన్న ముక్కు, మూసుకుపోయింది. విప్పి డీజిల్లో నానబెట్టి సన్న తీగతో పొడవండి. కొత్తదైనా పెద్ద ఖరీదేం కాదు, విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో అడిగి చూడండి.

ఇంత చేసినా వదలకపోతే కింగ్ పిన్, బుష్షులు మార్చాల్సిందే. బుష్ వేశాక పిన్‌కి సరిపడా రీమింగ్ (కన్నం లోపల సన్నగా చెక్కి సాపు చెయ్యడం) చేయించాలి, అది చెయ్యి తిరిగిన లేత్ మనిషికి ఇవ్వండి.

బండి ఒక పక్కకి లాగుతోంది

మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి. స్టీరింగ్ వదిలితే కొంచెం ఎడమకి పోవడం మామూలే. చదునైన ఖాళీ మైదానంలో చూసి తేల్చుకోండి.

ఎప్పుడు లాగుతోంది అనేది ముఖ్యం. ఎప్పుడూ లాగుతుంటే గాలి సరిచూసి, ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. లాగే వైపు మారితే టైరుదే తప్పు. మారకపోతే పది కిలోమీటర్లు నడిపి, బ్రేకులు వీలైనంత తక్కువ వాడి ఆపి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముందే తాకొద్దు, చెయ్యి కాలుతుంది. ఒకటి మరీ వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టుకుని ఉంది. అడ్జస్ట్‌మెంట్ ఎక్కువైనా అవ్వచ్చు, వీల్ సిలిండర్ ఇరుక్కున్నా అవ్వచ్చు. నాకు ఒకసారి తేలింది మాత్రం బ్రేక్ హోస్, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం. బయటికి నిగనిగలాడుతోంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోయింది. బ్రేక్ ఆయిల్ పోతోంది గానీ తిరిగి రావట్లేదు.

బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే లాగితే, ఎటు లాగుతోందో దానికి ఎదుటి వైపు డ్రమ్ము విప్పండి. షూల మీద బ్రేక్ ఆయిలో గ్రీజో పడి ఉంటుంది. తుడిచి వేస్తే నాలుగు రోజులే, షూలు మార్చాలి. కారే చోటు ఆపకుండా షూలు మార్చడం ఇంకా దండగ.

ఇవేవీ కాకపోతే బండికి కాస్త దూరంగా నిలబడి ముందు నుంచి చూడండి. ఒక భుజం వంగినట్టుందా? రెండు పక్కలా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. తేడా ఎక్కువుంటే టోర్షన్ బార్ అలిసిపోయింది. దాన్ని మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోకండి. మెలితిరిగిన శక్తితో ఉండే ఇనుము అది, తెలిసిన మెకానిక్కే ముట్టుకోవాలి.

తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంది

ఇది చాలాసార్లు అలైన్‌మెంట్ (ముందు చక్రాలు తిన్నగా ఉండేలా కొలిచి సర్దడం) చేసినవాళ్ల పుణ్యమే. రెండు టై రాడ్లూ సమానంగా తిప్పకుండా, చెయ్యి అందిన ఒక్కదాన్నే తిప్పేస్తారు. సరిచెయ్యమంటే స్టీరింగ్ చక్రం ఊడబెరికి తిన్నగా పెడతారు. అప్పుడు ర్యాక్ మధ్యలో ఉండదు, బండి ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ తిరుగుతుంది. ఆ కొసనుంచి ఈ కొసకి స్టీరింగ్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, సరిగ్గా సగం దగ్గర ఆపండి. అక్కడ చక్రాలు తిన్నగా ఉండేలా రెండు టై రాడ్లనీ సర్దాలి. లాక్ నట్ల బయట కనిపించే మరలు రెండు వైపులా దాదాపు సమానంగా ఉన్నాయో లేదో చూస్తే పని ఎలా చేశారో తెలిసిపోతుంది.

అలైన్‌మెంట్ మెషిన్లలో అంబాసిడర్ లెక్క లేకపోతే గాభరా పడకండి. చదునైన నేల మీద రెండు ముందు టైర్ల వెనక వైపు, చక్రం మధ్య ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. బండిని సగం చుట్టు ముందుకి నెడితే అవే గుర్తులు ముందుకి వస్తాయి. మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాని బండి మాన్యువల్‌లో ఉన్న అంకెతో సరిచూసుకోవడమే. టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాసినప్పుడు ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపంలా తగిలితే ఈ కొలత తప్పిందనే అర్థం.

అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర చేయించండి. కింగ్ పిన్, టై రాడ్ ఎండ్, టోర్షన్ బార్, వీటిలో ఏది ముట్టుకున్నా కొలత మారిపోతుంది. అయ్యాక ఒక యాభై కిలోమీటర్లు తిరిగి వచ్చి, టై రాడ్ లాక్ నట్లు, చక్రం నట్లు మరోసారి పానా పెట్టి చూడండి. మా బండికి ఒకసారి రెండు నట్లు అర చుట్టు తిరిగాయి.