వరద నీళ్లు తీశాక బడిలో పొయ్యి వెలిగించడం ఎలా

స్వర్ణముఖి నది ఒడ్డున ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం చూసుకునే టీచర్ని నేను. 2021 నవంబర్‌లో కార్తీక పౌర్ణమికి పట్టిన వానకు మా బడి వంటగదిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక నేను మొదట తరగతి గదులు కడిగించాను. అది తప్పు. ముందు వంటగది చూసుకోవాల్సింది. బడిలో అన్నం ఉందంటే పిల్లలు వస్తారు. పిల్లలు బడిలో ఉంటే ఇంటి దగ్గర పెద్దలు బురద ఎత్తుకుంటారు, తడిసిన పాసుపుస్తకాలు ఆరబెట్టుకుంటారు, కూలి దొరికితే పోతారు. ఊరు మళ్లీ కుదురుకోవడం అక్కడే మొదలవుతుంది.

వంటగదిలోకి వెళ్లేముందు లైన్‌మన్‌తో కరెంటు చూపించండి. కట్టెల కుప్పను చేత్తో కదిలించొద్దు, వరదకు పాములు అందులోనే దూరతాయి. మునిగిన గ్యాస్ సిలిండర్‌ని ఏజెన్సీ వాళ్లు చూసేదాకా ముట్టించొద్దు, రెగ్యులేటర్, ట్యూబు మార్పించండి.

తర్వాత బియ్యం. ఇక్కడ తొందరపడొద్దు. మా దగ్గర బెంచీ మీద పెట్టిన బస్తా పైకి పొడిగానే కనిపించింది. నేను వండేద్దామన్నాను. మా వంటక్క బస్తా మూతి విప్పి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. "టీచర్, లోపల వెచ్చగా ఉంది, వద్దు" అంది. నన్నూ పెట్టి చూడమంది. నిజమే, నడుమ జ్వరం వచ్చిన ఒళ్లులా ఉంది. అడుగు నుంచి తేమ ఎక్కి లోపల మగ్గుతోంది. అలాంటి బియ్యం ఎండబెట్టినా పనికిరాదు, బూజు విషం కడిగితే పోదు. వరద నీళ్లు తగిలిన బియ్యం, పప్పు, ఉప్పు, గుడ్లు ఏవీ పిల్లలకు వండొద్దు. పారేసే ముందు తూకం వేసి, ఫోటో తీసి, స్టాకు రిజిస్టర్‌లో రాసి, పేరెంట్స్ కమిటీ చేత సంతకం పెట్టించండి. లేకపోతే తర్వాత ఆ లెక్క మీ మెడకు చుట్టుకుంటుంది.

నీళ్ల ట్యాంకులో బురద పూర్తిగా తీయించి, కడిగి, కొత్త నీళ్లు పట్టాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగండి. పంచాయతీ వాళ్ల కిట్‌తో పరీక్షిస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ కనిపించాలి. తాగే నీళ్లు మరిగించి ఇవ్వండి. స్టీలు గిన్నెలు బ్లీచింగ్ నీళ్లతో కడిగితే చాలు, చెక్క గరిటెలు మాత్రం పారేయండి.

మొదటి వారం మెనూ సాదాగా పెట్టుకోండి. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంటే 60 మందికి ఆరు కేజీల బియ్యం, కేజీ రెండు వందల పప్పు, మూడు కేజీల కూరగాయలు. మునిగిన మళ్లలోని ఆకుకూరలు వద్దు. ఆ నెల టమాటా కిలో వంద దాటిపోయింది. మేం గుమ్మడికాయ వేసి, చింతపండు పులుసు పోసి పప్పు చేశాం. గుమ్మడికాయలు మా ఊరి రైతుల దగ్గరే కొన్నాం. ఆ డబ్బు ఆ వారంలో వాళ్ల చేతికి అందడం నాకు చాలా తృప్తినిచ్చింది. వడ్డించే ముందు టీచర్, ఒక తల్లి రుచి చూసి సంతకం పెట్టడం వరదల్లోనూ మానొద్దు.

దాతలు ఫోన్ చేస్తే వండిన అన్నం వద్దని గట్టిగా చెప్పండి. మాకు ఒకరు మంచి మనసుతోనే పంపిన పులిహోర పొట్లాలు మధ్యాహ్నానికే జిగురు తీశాయి. పిల్లల ముందు నుంచి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. బియ్యం, పప్పు, నూనె, సబ్బులు అడగండి. పెద్దలకు కూడా వండాల్సి వస్తే తహసీల్దారుతో మాట్లాడి బియ్యం విడిగా తెప్పించుకోండి. పిల్లల స్టాకు కదపొద్దు.

డబ్బు లేదని ఆపొద్దు. 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం బియ్యం గానీ వంట ఖర్చు గానీ తాత్కాలికంగా అందకపోతే హెడ్‌మాస్టర్ బడిలో ఉన్న వేరే నిధి వాడొచ్చు. ఇది చాలామందికి తెలియదు. కరువు మండలాల్లో వేసవి సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఇది దయతో పెట్టేది కాదు, పిల్లల హక్కు. అడిగేటప్పుడు తల వంచుకోనక్కర్లేదు.

చివరగా, పళ్లేలు లెక్కపెట్టండి. మా పిల్లల పళ్లేల మీద పేర్లు కొట్టించి ఉంటాయి. బురదలోంచి ఏరి కడిగి వరండాలో వరసగా పెడితే, ఎవరిది వాళ్లు తీసుకున్నారు. నాలుగో రోజు రెండు అలాగే మిగిలాయి. వంటక్క అది చూసి ఆ ఇంటికి వెళ్లింది. అన్నాచెల్లెళ్లు ఇద్దరికీ విరేచనాలు, తల్లికి జ్వరం. ఊరి నర్సు ఏఎన్ఎంకు ఫోన్ చేసి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెప్పించాం. వాళ్లు తిరిగి బడికి వచ్చేదాకా అక్క ఆ రెండు పళ్లేలు రోజూ కడిగి వరసలోనే పెట్టింది.