చలికాలంలో వెనిస్ వెళ్తున్నారా? గోడ పక్కనే నడవండి

పోయిన నవంబరులో మా స్నేహితుడి నాన్నగారు వెనిస్‌లో కాలువలో పడ్డారు. ఆయనకి 64 ఏళ్ళు. కొడుకు దగ్గర నెల రోజులు ఉందామని గుంటూరు నుంచి వచ్చారు. సాన్ మార్కో పేటలో ఒక సన్నని కాలువ గట్టు మీద చీలమండల దాకా నీళ్ళున్నాయి. ఎదురుగా ఎవరో సూట్‌కేసు ఎత్తుకుని వస్తుంటే దారి ఇద్దామని పక్కకి జరిగారు. ఆ పక్కన గట్టు లేదు. సరుకు దించుతున్న పడవవాళ్ళు చూసి పైకి లాగారు కాబట్టి బతికారు. మణికట్టు విరిగింది, జేబులోని పాస్‌పోర్టు తడిసి ముద్దయింది.

మళ్ళీ ఆ రోజులొస్తున్నాయి. స్వెట్టర్లు తెచ్చుకోండి, జేబుదొంగలుంటారు అని నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ గట్టు అంచు గురించి.

నీళ్ళు ఎందుకొస్తాయి

అక్టోబరు నుంచి జనవరి దాకా ఇక్కడ పోటు ఎక్కువ. అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పొంగే వేళకి ఆగ్నేయం నుంచి సిరోకో గాలి తోడైతే ఆడ్రియాటిక్ నీళ్ళన్నీ వెనిస్ వైపు నెట్టుకొస్తాయి. దీన్నే ఇక్కడివాళ్ళు అక్వా ఆల్టా అంటారు. 1966 నవంబరు 4న నీటి మట్టం 194 సెంటీమీటర్లకి చేరింది. 2019 నవంబరు 12 రాత్రి 187. ఆ రాత్రి సాన్ మార్కో చర్చి నేలమాళిగలోకి కూడా నీళ్ళు వెళ్ళాయి. ఇప్పుడు చర్చి చుట్టూ గాజు గోడలు కట్టి కాపాడుకుంటున్నారు.

ఈ అంకెలు చూసి కొందరు హడలిపోతారు, కొందరు అసలు పట్టించుకోరు. పోటు అంచనాలో 110 సెంటీమీటర్లు అంటే మీ నడుము దాకా నీళ్ళని కాదు. ఆ కొలత 1897 నాటి సముద్ర మట్టం గుర్తు నుంచి మొదలవుతుంది. సాన్ మార్కో స్క్వేర్‌లో బాగా పల్లంగా ఉన్న చోటు దాదాపు 80 దగ్గరే తడుస్తుంది. కాబట్టి 110 అంటే అక్కడ ఓ అడుగు నీళ్ళు. అవి కూడా గట్టు దాటి దూకి రావు, రాళ్ళ మధ్య తూముల్లోంచి మెల్లగా పైకి ఉబుకుతాయి. నిలబడి కాఫీ తాగుతుంటే బూట్ల కింద తడి తగులుతుంది.

"గేట్లు కట్టారుగా" అనేవాళ్ళకి

నిజమే, పోటుని ఆపడానికి 'మోసే' (MOSE) అనే పేరుతో కట్టిన గేట్లున్నాయి. సముద్రం లోపలికి వచ్చే మూడు ముఖద్వారాల దగ్గర మొత్తం 78 గేట్లు. 2020 అక్టోబరు 3న మొదటిసారి పోటుకి ఎదురుగా లేపారు, ఊరు పొడిగా ఉంది. ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. కానీ మామూలుగా వాటిని లేపేది నీళ్ళు 110కి చేరతాయని అంచనా వచ్చినప్పుడు. సైరన్ మోగేది కూడా 110 నుంచే. 80కీ 110కీ మధ్య ఉన్న రోజున గేటు లేవదు, సైరన్ మోగదు, పల్లపు చోట్ల నీళ్ళు మాత్రం ఉంటాయి. మనవాళ్ళు ఇబ్బంది పడేది ఇలాంటి రోజుల్లోనే. "పెద్దగా లేవులే" అని దిగుతారు.

గట్టు అంచు

ఇక్కడ చాలా కాలువ గట్లకి రెయిలింగ్ ఉండదు. సరుకులు, చెత్త, మంచాలు, బీరువాలు అన్నీ పడవల్లోనే రావాలి, పోవాలి. కడ్డీలు పెడితే దించేదెక్కడ? గట్టు చివర తెల్లటి ఇస్ట్రియా రాయి పరిచి ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు అంచు బాగా తెలుస్తుంది. నీళ్ళు ఎక్కాక గట్టూ కాలువా ఒకే పచ్చటి పలకలా ఉంటాయి. అంచు కనపడదు. ఎంత జాగ్రత్తగా చూసినా కనపడదు.

అందుకే గోడ పక్కనే నడవండి. చేత్తో గోడ తాకుతూ నడవండి. ఎదురుగా ముసలివాళ్ళొచ్చినా, చంటిపిల్లతో తల్లి వచ్చినా కాలువ వైపు తప్పుకోకండి. గోడకి ఆనుకుని ఆగిపోండి, వాళ్ళే చూసుకుని వెళ్తారు. మన అలవాటు పక్కకి జరగడం. ఆ అలవాటే ఆయన్ని నీళ్ళలో పడేసింది.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ముందురోజు రాత్రి మున్సిపాలిటీ వాళ్ళ పోటు అంచనా చూడండి. అందులో గంటలు కూడా ఉంటాయి. పోటు మూడు నాలుగు గంటల్లో తగ్గుతుంది, అంతసేపు హోటల్లో కూర్చుంటే ఏమీ పోదు. దార్ల మీద వేసే చెక్క బల్లలు పెద్ద దారుల్లోనే ఉంటాయి. గోడల మీద సాన్ మార్కో, రియాల్తో అని పసుపు బోర్డులుంటాయి, వాటినే పట్టుకోండి. ఫోన్ మ్యాప్ చూపించే అడ్డదారిలో వెళ్ళకండి, దానికి నీళ్ళు తెలియవు. బల్లల మీద ఆగి సెల్ఫీ వద్దు. వాటి మీద కుడివైపు నడవండి. ఎప్పుడైనా గేట్లు లేవక నీళ్ళు 120 దాటితే ఆ బల్లలు తేలిపోతాయి, ఆ రోజు అసలు బయటికి రాకండి. నీళ్ళు ఎక్కువున్నప్పుడు వాపొరెట్టోలు (ఊళ్ళో బస్సుల్లా తిరిగే పడవలు) వంతెనల కింద పట్టవు, రూట్లు మారతాయి. రైలుకి రెండు గంటల ముందు బయల్దేరండి. రబ్బరు బూట్లు మోకాలి దాకా ఉన్నవే కొనండి. చెప్పులు విప్పి ఉత్త కాళ్ళతో దిగకండి, ఆ నీళ్ళలో డ్రైనేజీ కలుస్తుంది. కాలికి దెబ్బ ఉంటే అసలే వద్దు. చీర కట్టుకున్న అమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపించండి, మీరు కాలువ వైపు కాదు, ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, గోడ పక్కన. ఫొటో కోసం వెనక్కి అడుగు వెయ్యకండి. కాలువలోకి దిగే మెట్ల మీద నాచు ఉంటుంది, నీళ్ళు తగ్గినప్పుడు కూడా వాటి మీద కాలు పెట్టకండి. పాస్‌పోర్టు గదిలో పెట్టి దాని ఫొటో దగ్గరుంచుకోండి. ఎవరైనా పడితే వెనకే దూకకండి, కేకలెయ్యండి, 112కి ఫోన్ చెయ్యండి.

నీళ్ళు దిగాక కూడా అరగంట ఆగండి, రాళ్ళ మీద జిగట ఉంటుంది. అప్పుడు కూడా గోడ పక్కనే.