టచ్‌స్క్రీనా, బటన్లా? ఎలక్ట్రిక్ కారు కొనే ముందు పరీక్షించాల్సినవి, కొన్నాక సర్దుకోవాల్సినవి

ఎలక్ట్రిక్ కారు కొనబోయేవాళ్లు రేంజి ఎంత, ఛార్జింగ్‌కి ఎంతసేపు, బ్యాటరీకి ఎన్నేళ్ల వారంటీ అని గుచ్చి గుచ్చి అడుగుతారు. వాన మొదలైతే వైపర్ వేగం ఎక్కడ పెంచాలి, ముందు అద్దానికి ఆవిరి పడితే ఏది నొక్కాలి అని అడిగేవాళ్లు అరుదు. కొన్నాక రోజూ ఎదురయ్యేవి ఇవే. అందుకే ఒక కొలబద్ద పెట్టుకోండి: కారు కదులుతుండగా చేయాల్సిన పని ఏదైనా చూడకుండా అయిపోవాలి, లేదంటే ఒక్క చూపులో అయిపోవాలి. అలా కుదరని పనులు బండి ఆగి ఉన్నప్పుడే ముగిసేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఈ కొలబద్ద వెనక లెక్క ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు స్క్రీను చూస్తే 55 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక్కో చూపు 2 సెకన్లు, పని మొత్తానికి కలిపి 12 సెకన్లు దాటకూడదని ఉంది. స్వీడన్ కార్ల పత్రిక వి బిలెగారె 2022లో 11 కొత్త కార్లను, వాటి పక్కన 2005 నాటి వోల్వో వీ70ని పెట్టి పరీక్షించింది. 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ సీటు హీటరు వేయడం, రేడియో స్టేషను పెట్టడం లాంటి నాలుగు పనులు చేయించింది. డ్రైవర్లకు కారు అలవాటు చేసుకునే సమయం కూడా ఇచ్చింది. బటన్లున్న పాత వోల్వోలో నాలుగూ 10 సెకన్లలో, 306 మీటర్లలో అయిపోయాయి. ఎంజీ మార్వెల్ ఆర్ అనే ఎలక్ట్రిక్ కారులో 44.9 సెకన్లు పట్టింది. ఆలోగా కారు 1,372 మీటర్లు దాటింది.

తేడా ఎందుకంటే, బటన్‌ని వేలే వెతుక్కుంటుంది. అంచు తగులుతుంది, నొక్కగానే టక్కుమంటుంది, పని అయిందని చేతికే తెలిసిపోతుంది. నున్నటి గాజు మీద గుర్తు ఎక్కడుందో కన్నే వెతకాలి, వేలిని కన్నే నడిపించాలి, అయిందో లేదో కన్నే చూడాలి. ఉష్ణోగ్రత స్లైడర్‌ని 24 నుంచి 22కి జరపాలనుకోండి. చెయ్యి గాల్లో ఉంది, కింద ఏ ఆసరా లేదు. చక్రం గతుకులో పడింది, వేలు జారి 19 దగ్గర ఆగింది. మళ్లీ చూడాలి, మళ్లీ జరపాలి. ఒక పని రెండయింది.

ఏది బటన్‌కి, ఏది స్క్రీనుకి

స్క్రీనంటే చెడ్డదని కాదు. ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపమనడం, రాత్రి ఎన్నింటికి మొదలుపెట్టాలో చెప్పడం, దారిలో ఛార్జర్లు చూసుకోవడం, సీటు, అద్దాల స్థానాలు గుర్తుంచుకోమనడం స్క్రీను మీదే హాయిగా జరుగుతాయి. అవన్నీ ఆగి చేసే పనులు. వెనక కెమెరా బొమ్మకు ఎలాగూ స్క్రీను కావాలి.

ఇండికేటర్లు, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్లు, ఎస్‌ఓఎస్ కాల్ మాత్రం విడి మీటలుగానే ఉండాలి. 2026 నుంచి, కొత్త కార్లను పరీక్షించి భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా సరిగ్గా ఈ అయిదింటికీ స్క్రీనుతో పని లేని నియంత్రణలు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. మా దృష్టిలో ఈ జాబితా చిన్నది. ఈ జాబితాకి, ముందు అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫ్రాస్ట్, ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం, వాల్యూమ్ కూడా కలుపుకోండి. 2025లో ఫోక్స్‌వ్యాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ ఇకపై తమ కార్లలో వాల్యూమ్, రెండు వైపులా హీటింగ్, ఫ్యాను, హజార్డ్ లైట్లకు స్క్రీను కింద అసలైన బటన్లు ఉంటాయని చెప్పారు. తీసేసినవాళ్లే తిరిగి పెడుతున్నారు.

వైపర్ల సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. 2019లో జర్మనీలో ఒక డ్రైవరు వానలో టెస్లా స్క్రీను మీద వైపర్ వేగం మారుస్తూ రోడ్డు తప్పి గుద్దుకున్నాడు. 200 యూరోల జరిమానా, నెల రోజుల డ్రైవింగ్ నిషేధం పడ్డాయి. కార్లో కంపెనీ బిగించిన స్క్రీనైనా చేతిలో ఫోను లాంటి ఎలక్ట్రానిక్ పరికరం కిందికే వస్తుందని 2020లో కార్ల్స్‌రూ ఉన్నత న్యాయస్థానం తీర్పిచ్చింది.

షోరూమ్‌లో పరీక్ష

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు రోడ్డెక్కే ముందు ఆగి ఉన్న కార్లో పది నిమిషాలు కూర్చోండి. ఏది ఎక్కడుందో అయిదు నిమిషాలు చూసుకోండి. తర్వాత చూపు ముందు అద్దంలోంచి దూరంగా ఉన్న ఒక గుర్తు మీద నిలపండి. పక్కన కూర్చున్న మనిషి ఒక్కో పనీ చెబుతుంటే చేయండి: ముందు అద్దానికి గాలి పెట్టు, వైపర్ ఒక మెట్టు పెంచు, ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గించు, ఫ్యాను ఆపు, హజార్డ్ లైట్లు వేయి, రీజెన్ (పెడల్ వదలగానే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీకి కరెంటు తిరిగిచ్చే బ్రేకింగు) తగ్గించు. మీ కళ్లు ఎన్నిసార్లు కిందికి దిగాయో ఆ మనిషే లెక్కపెట్టాలి. మనకి మనం లెక్కపెట్టుకుంటే తగ్గించి చెప్పుకుంటాం. ఒక పనికి రెండు చూపులు దాటితే కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత స్క్రీనుని ఇరకాటంలో పెట్టండి. అసలు లోపాలు ఇక్కడే బయటపడతాయి. ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ తెరిచి, మ్యాపు నిండుగా పెట్టి, ఇప్పుడు ఏసీ పట్టీ అడుగున కనిపిస్తోందా చూడండి. కొన్ని కార్లలో దాన్ని చేరాలంటే మ్యాపులోంచి బయటికి రావాలి. రివర్స్ గేరు వేసి, కెమెరా బొమ్మ వచ్చాక పాట శబ్దం తగ్గించగలరా చూడండి. కారు పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసి, స్క్రీను వెలగడానికి ఎంతసేపు, మొదటి తాకిడికి స్పందించడానికి ఎంతసేపు అన్నది ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు వాడేవాళ్లు అవి పెట్టుకునే వెళ్లండి. కొన్ని ఎల్‌సీడీ తెరలు వాటిలోంచి నల్లగా కనిపిస్తాయి. వీలైతే చీకటి పడ్డాక మరోసారి కూర్చోండి.

బటన్ వేషంలో ఉన్న టచ్

ఫొటోల్లో బటన్లలా ఉంటాయి, చేతికి వస్తే నున్నటి పలకలు. వేలిని నొక్కకుండా ఊరికే ఆనించండి. పని జరిగిపోతే అది టచ్. స్టీరింగ్ మీద ఇలాంటివి ఉంటే మలుపు తిప్పేటప్పుడు అరచెయ్యి తగిలి తనంతట తానే ఏదో ఒకటి మారిపోతుంది. పరీక్ష తేలిక: ఆగి ఉన్న కార్లో స్టీరింగ్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఏదైనా అనుకోకుండా మోగిందా, మారిందా చూడండి. తొలి ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 కార్లలో స్క్రీను కిందున్న ఉష్ణోగ్రత, వాల్యూమ్ పట్టీలకు వెలుగు ఉండేది కాదు. రాత్రిపూట తడుముకోవాల్సిందే. తర్వాతి మోడళ్లలో దీపాలు పెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ ఏడాదిదో అడగండి.

ఒకే పలక రెండు పనులు చేసే రకం ఇంకోటుంది. కియా ఈవీ6లో స్క్రీను కిందున్న పట్టీ, రెండు నాబులు ఒకసారి ఏసీకి, ఒకసారి ఆడియోకి పనిచేస్తాయి. ఏ అవతారంలో ఉందో చూడకుండా నాబు తిప్పితే పాట తగ్గాల్సిన చోట చలి పెరుగుతుంది. ఇలాంటి కారు తీసుకుంటే పట్టీని ఎప్పుడూ ఏసీ వైపే ఉంచి, శబ్దానికి స్టీరింగ్ మీటనే వాడటం అలవాటు చేసుకోండి.

కారు చేతికొచ్చాక

మొదటి రోజే ఒక గంట, బండి ఆపి, సెట్టింగులకు కేటాయించండి. ముందుగా స్టీరింగ్ మీద నచ్చిన పని పెట్టుకునే బటన్ ఉందేమో వెతకండి. హ్యుందాయ్, కియా కార్లలో నక్షత్రం గుర్తుతో ఉంటుంది. టెస్లాలో ఎడమ స్క్రోల్ చక్రాన్ని నొక్కి పట్టుకుంటే ఏం జరగాలో ఎంచుకోవచ్చు. అందులో పాటల పని పెట్టి వృథా చేయకండి. మీ కాగితం మీద ఎక్కువ చూపులు అడిగిన పనేదో చూసి, జాబితాలో అది దొరికితే దానికే ఇవ్వండి. తర్వాత స్క్రీను అడుగు పట్టీలో సత్వర గుర్తులు మార్చుకునే వీలుంటే, ముందు అద్దం డీఫ్రాస్ట్‌ని డ్రైవర్ వైపు మూలలో పెట్టండి. మూల అయితే స్క్రీను అంచు పట్టుకుని వేలితో తడిమి చేరవచ్చు.

ఏసీని ఆటోలో పెట్టి 22 దగ్గరో 23 దగ్గరో వదిలేయండి. ఫ్యాను, గాలి దిశ అదే చూసుకుంటుంది. దారిలో ముట్టుకోవాల్సిన పనులు దీనితోనే సగం పోతాయి. బయల్దేరే సమయం యాప్‌లోనో స్క్రీనులోనో ముందే చెబితే, కారు ఛార్జర్‌కి తగిలించి ఉండగానే లోపలి వేడినో చలినో సర్దేస్తుంది. ఆ కరెంటు గోడలోంచి పోతుంది, బ్యాటరీలోంచి కాదు.

కదులుతుండగా స్క్రీను తాకక తప్పకపోతే చెయ్యి గాల్లో పెట్టకండి. బొటనవేలో, మిగతా వేళ్లో స్క్రీను అంచుకి గట్టిగా ఆనించి, చూపుడు వేలు ఒక్కటే కదపండి. గతుకుకి చెయ్యీ తెరా కలిసి ఊగుతాయి కాబట్టి గురి తప్పదు. స్లైడర్‌ని లాగడం కంటే ప్లస్, మైనస్ గుర్తులు తట్టడం మేలు. రెండు తట్లకి ఎంత మారుతుందో చూడకుండానే తెలుస్తుంది.

స్టీరింగ్ వెనక మీట (స్టాకు) ఉన్న టెస్లా మోడల్ 3, వై కార్లలో ఎడమ స్టాకు చివరి బటన్ ఒకసారి నొక్కితే వైపర్ ఒకసారి తుడుస్తుంది, వైపర్ సెట్టింగుల చిన్న పెట్టె (కార్డు) తెర మీదికి వస్తుంది. కార్డు ఉండగానే ఎడమ స్క్రోల్ చక్రంతో వేగం మార్చుకోవచ్చు. తెర తాకే పని లేదు. 2023లో వచ్చిన కొత్త మోడల్ 3లో స్టాకులు తీసేసి ఇండికేటర్లను స్టీరింగ్ బటన్లకు మార్చారు. స్టీరింగ్ సగం తిరిగి ఉన్నప్పుడు ఆ బటన్లూ తిరిగి ఉంటాయి. రౌండ్‌అబౌట్‌లో ఇది ఇబ్బంది, అక్కడే పరీక్షించండి.

మాటతో చెప్పే ఆదేశాలు పనికొస్తాయి గానీ వాటినే నమ్ముకోకండి. మీ కారుకి తప్పకుండా అర్థమయ్యే నాలుగైదు వాక్యాలు వెతికి అవే వాడండి. సిగ్నల్ లేని బేస్‌మెంట్‌లో ఒకసారి, అద్దాలు దించి ఒకసారి పరీక్షించండి. కొన్ని కార్లు ప్రతి మాటనీ సర్వర్‌కి పంపి అర్థం చేసుకుంటాయి, నెట్ లేకపోతే చేతులెత్తేస్తాయి.

అద్దానికి ఆవిరి పడితే

ఎలక్ట్రిక్ కార్లలో ఇది ఎక్కువ, కారణం కూడా స్పష్టం. రేంజి మిగుల్చుకుందామని ఏసీ ఆపేస్తారు. కొన్ని కార్లు ఎకో మోడ్‌లో లోపలి గాలినే తిప్పుతుంటాయి. ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేక చల్లటి అద్దానికి పడుతుంది. గట్టి మందు ముందు అద్దం డీఫ్రాస్ట్ బటన్ ఒక్కటే. అది లేకపోతే, పనిచేయకపోతే, ఈ వరసలో వెళ్లండి: బయటి గాలి తెరవండి, ఏసీ ఆన్ చేయండి, గాలిని అద్దం వైపు తిప్పండి, ఫ్యాను పెంచండి, ఉష్ణోగ్రత పెంచండి. చలిలో ఏసీ ఎందుకంటే, తేమని లాగేసేది అదే. వేడి గాలి ఒక్కటే అయితే ఆవిరి నెమ్మదిగా పోతుంది, తిరిగి వస్తుంది. ఈ వరస ఆగి ఉన్న కార్లో చెయ్యి తిరిగేదాకా చేయండి. అవసరం పడ్డప్పుడు ముందు రోడ్డే కనిపించదు, మెనూలు వెతికే వీలుండదు.

స్క్రీను మొరాయిస్తే

తెర స్తంభించినా చాలా కార్లలో మోటారు, బ్రేకులు, స్టీరింగ్ వేరే కంప్యూటర్ల చేతిలో ఉంటాయి కాబట్టి కారు నడుస్తూనే ఉంటుంది. పోయేది వేగం చూపే చోటు, కెమెరా, ఏసీ. కంగారు పడకుండా పక్కకి ఆపి తెరని రీస్టార్ట్ చేయండి. టెస్లాలో రెండు స్క్రోల్ చక్రాలనీ తెర నల్లబడేదాకా కలిపి నొక్కి పట్టుకోవాలి. చాలా కార్లలో పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి. మీ కారు పద్ధతి మాన్యువల్‌లో చూసి ముందే తెలుసుకోండి. ఆ మాన్యువల్ తెరలోనే ఉంటే ఫోన్‌లోకి కూడా దింపుకోండి.

పదే పదే జరుగుతుంటే కారణం వెతకాలి. మొదట 12 వోల్టుల బ్యాటరీని పరీక్షించండి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తెరలకి, తాళాలకి కరెంటు ఇచ్చేది ఈ చిన్నదే. అది బలహీనపడితే తెర తనంతట తానే ఆగి మొదలవుతుంది, సంబంధం లేని హెచ్చరికలు వస్తాయి. రెండోది వేడి: 2022లో టెస్లా దాదాపు 1,30,000 కార్లకు రీకాల్ ఇచ్చింది, ఫాస్ట్ ఛార్జింగ్ సమయంలో ప్రాసెసర్ సరిగా చల్లబడక తెర ఆగిపోయే ప్రమాదం ఉందని. మూడోది మెమరీ అరుగుదల. 2021లో పాత మోడల్ ఎస్, ఎక్స్ కార్లు దాదాపు 1,35,000 వెనక్కి పిలిపించారు. వాటి 8 జీబీ ఫ్లాష్ మెమరీ చిప్ మీద కారు తన పనితీరు వివరాలు (లాగ్‌లు) రాసి రాసి, అది కొన్నేళ్లకే అరిగిపోయి వెనక కెమెరా, డీఫ్రాస్ట్ నియంత్రణ పోయేవి. అంత పాతవి కొనేటప్పుడు ఆ మరమ్మతు జరిగిందా అని కాగితాలు అడగండి.

తాకకుండానే తెర నొక్కుకుంటోందంటే చాలావరకు తేమో మురికో. తెర పనిచేసేది వేలి వల్ల మారే విద్యుత్ ఆవేశాన్ని పసిగట్టి కాబట్టి, నీటి చుక్క కూడా దానికి వేలే. మామూలు గ్లవ్స్ వేసుకుంటే పలకకపోవడానికీ కారణం ఇదే. తెర ఆపి, మైక్రోఫైబర్ గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి తుడవండి. స్ప్రే ఎప్పుడూ గుడ్డ మీదే, తెర మీద కొడితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు పైపూతని తినేస్తాయి. తుడిచినా తగ్గకపోతే అతికించిన స్క్రీన్ గార్డు తీసి చూడండి. మందపాటి గార్డు, కింద గాలి బుడగలు ఉన్నదీ స్పర్శని తప్పుదారి పట్టిస్తాయి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక గుర్తులు చోటు మారవచ్చు. అప్‌డేట్‌ని ప్రయాణానికి ముందు కాకుండా రాత్రికి పెట్టండి. మర్నాడు బయల్దేరే ముందు షోరూమ్ పరీక్షలోని ఆరు పనులూ ఒక్కసారి చేసి చూడండి. డీఫ్రాస్ట్, వైపర్ ముందు.

చివరిగా తలుపులు. లోపలి పిడి స్థానంలో ఎలక్ట్రిక్ బటన్ ఉన్న కార్లలో 12 వోల్టుల సరఫరా పోతే ఆ బటన్ పలకదు. చేత్తో లాగే అత్యవసర మీట ముందు తలుపులకి ఎక్కడుందో, వెనక తలుపులకి అసలు ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. కొన్ని మోడల్ వై కార్లలో వెనకది తలుపు జేబు అడుగున, మూత కింద దాగి ఉంటుంది. ఒకసారి స్వయంగా లాగి చూసి, వెనక కూర్చునేవాళ్లచేత కూడా లాగించండి.