జమ్ము గడ్డిలో పడుకునే బక్ (మగ జింక) కోసం సెప్టెంబర్ వేట ప్లాన్

అమెరికాలోని విస్కాన్సిన్‌లో బో సీజన్ (విల్లు బాణాలతో జింకల వేట) సెప్టెంబర్ మధ్యలో మొదలవుతుంది, చాలామంది ఆగస్టు చివర్లో ట్రెయిల్ కెమెరాలు (చెట్టుకి కట్టి వదిలేస్తే జింక కదిలినప్పుడు ఫోటో తీసేవి) పట్టుకుని హడావిడిగా అడవిలోకి దిగుతారు. చిత్తడి నేలల్లో వేటాడాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, అసలు పని మార్చిలోనే అయిపోవాలి. మంచు కరిగి కొత్త గడ్డి ఇంకా మొలవని ఆ కొద్ది వారాల్లో పోయినేడు జింకలు నడిచిన బాటలు, పడుకున్న చోట్లు, కొమ్ములు రుద్దిన చెట్లు అన్నీ బయటపడి కనిపిస్తాయి, పైగా అప్పుడు మనం వెళ్ళి ఒక బక్‌ని లేపేసినా సెప్టెంబర్ నాటికి అది ఆ సంగతి పట్టించుకోదు. అదే తప్పు ఆగస్టులో చేస్తే ఆ సీజన్ మొదటి వారం పోయినట్టే.

ముందు ఇంట్లో కూర్చుని మ్యాప్ చూడండి. ఆన్‌ఎక్స్ అనే వేట మ్యాప్ యాప్ గానీ గూగుల్ ఎర్త్ గానీ ఏదైనా సరే, ఆకులు రాలిన కాలంలో తీసిన ఫోటో అయితే ఇంకా బాగా తెలుస్తుంది. పైనుంచి చూస్తే జమ్ము అంతా ఒకే లేత గోధుమ రంగు చాపలా ఉంటుంది, మీరు వెతకాల్సింది ఆ చాపలో తేడాగా కనిపించే చుక్కలు. ఒంటరిగా నిలబడ్డ ఒక విల్లో పొదో, నాలుగు టామరాక్ చెట్లో ఉన్నాయంటే అక్కడ నేల కొంచెం ఎత్తుగా, పొడిగా ఉందని అర్థం. బక్‌కి పెద్ద దిబ్బేమీ అక్కర్లేదు, మన డైనింగ్ టేబుల్ అంత పొడి మిట్ట దొరికితే చుట్టూ మోకాలి లోతు నీళ్ళున్నా అక్కడే పడుకుంటుంది. ఇంకో చోటు, ఎత్తు నేల వేలు చాచినట్టు జమ్ములోకి పొడుచుకొచ్చే కొన. మూడోది జమ్ము అయిపోయి పొదలు మొదలయ్యే అంచు, ఆ అంచు వెంబడే బాటలు నడుస్తాయి. ఇలాంటివన్నీ పిన్ పెట్టుకుని వెళ్ళి ఒక్కొక్కటీ కాళ్ళతో నడిచి చూడాల్సిందే, మ్యాప్ చూసి వదిలేస్తే ఏమీ తెలీదు.

నిజమైన బక్ పడక ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. నేను చూసినదాంట్లో విల్లో మొదలుకి ఆనుకుని కోడిగుడ్డు ఆకారంలో గడ్డి మొత్తం అరిగిపోయి నల్ల మట్టి తేలింది, మట్టిలో అతుక్కుని తెల్లటి పొట్ట వెంట్రుకలు, పక్కనే ముద్దలా అంటుకున్న పెద్ద పెంటికలు, రెండడుగుల దూరంలో నా ముంజేయి లావు ఉన్న కొమ్మ మీద బెరడు చీల్చిన రబ్ (కొమ్ములు రుద్దిన గుర్తు). నేను మోకాళ్ళ మీద కూర్చుని అది చూసే ఎత్తులోంచి చూశాను, ముందంతా తెరిపి, నేను కారు పెట్టిన చోటు దాకా కనిపిస్తోంది, వెనక వైపు దట్టమైన జమ్ము. చాలా పడకల్లో సంగతి ఇదే, వెనకనుంచి గాలి వస్తుంది కాబట్టి వీపు వైపు ముక్కు కాపలా, ముందు వైపు కళ్ళు కాపలా. అందుకే ఏ పడక దొరికినా అది ఏ గాలికి పనికొచ్చే పడకో రాసుకోండి, వాయవ్య గాలి వీచే రోజు ఇక్కడ, దక్షిణ గాలి వీచే రోజు అక్కడ అని. ఒకే బక్‌కి మూడు నాలుగు పడకలుంటాయి, ఆ రోజు గాలిని బట్టి మారుస్తుంది.

చిన్న చిన్న పడకలు నాలుగైదు గుంపుగా ఉంటే అవి ఎక్కువగా డోలవి (ఆడ జింకలవి), పిల్లలవి. పెద్దది, ఒంటరిది మనకి కావాల్సింది.

పడక నుంచి బయటికొచ్చే బాటని తిండి దాకా పట్టుకెళ్ళండి. సెప్టెంబర్‌లో బక్ తిరుగుడు పడక నుంచి తిండికి, తిండి నుంచి పడకకి అంతే, నవంబర్‌లోలా డోల వెంట పడి పగలంతా తిరగదు. సోయా ఆకు పచ్చగా ఉన్నంతవరకు చేలోకి వస్తాయి, ఆకు పసుపు తిరిగితే మానేస్తాయి, అదే టైమ్‌కి తెల్ల ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. జమ్ము అంచులో కాయలు రాల్చే తెల్ల ఓక్ ఒక్కటి దొరికినా చాలు, పొలం దాకా వెళ్ళకుండా బక్ అక్కడే ఆగి తింటుంది, వెలుతురు ఉండగానే. ఆగస్టులో చేలో గుంపుగా తిరిగే బక్‌లు కొమ్ముల మీద వెల్వెట్ (మెత్తటి చర్మం పొర) రాల్చేశాక విడిపోతాయి, కాబట్టి ఆగస్టులో దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసింది కొంతవరకే పనికొస్తుంది, దాన్ని నమ్ముకుని చేను పక్కన కూర్చుంటే చీకటి పడ్డాక వచ్చే జింక కోసం కూర్చున్నట్టే.

ఎంత దగ్గర కూర్చోవాలి అంటే, దట్టమైన జమ్ము అయితే పడకకి నూరు గజాలు, తెరిపి ఎక్కువైతే నూటయాభై. భయమేస్తుంది నిజమే, కానీ ఎండ ఉన్నంతసేపు పెద్ద బక్ లేవదు, చివరి అరగంటలో లేచి ఒళ్ళు విరుచుకుని మెల్లగా కదులుతుంది, విస్కాన్సిన్‌లో సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల వరకే వేట టైమ్, దూరంగా కూర్చుంటే అది మీ దాకా వచ్చేసరికి టైమ్ అయిపోతుంది.

గాలి విషయం మాత్రం నిదానంగా ఆలోచించండి, నా సీజన్ ఒకటి దీనివల్లే పోయింది. ఫోన్‌లో పడమటి గాలి అని చూసి, పడక నాకు ఉత్తరాన ఉంది కదా పర్లేదని ఎక్కి కూర్చున్నా, సాయంత్రం ఆరున్నరకి గాలి ఆగిపోయింది. జేబులోంచి మిల్క్‌వీడ్ (జిల్లేడు లాంటి మొక్క) దూది ఒక పోగు వదిలితే అది కాసేపు నా ముందు ఆడి, నెమ్మదిగా కిందికి దిగి, నీళ్ళు పారినట్టు పల్లం వెంట జమ్ములోకి, సరిగ్గా ఆ పడక వైపే వెళ్ళింది. రెండు నిమిషాలకి ఒక్క బుసలాంటి శబ్దం, నీళ్ళు చిమ్ముకుంటూ పరుగు, అంతే. సాయంత్రం చల్లబడ్డ గాలి పల్లానికి జారుతుంది, చిత్తడి కంటే పల్లం ఇంకేముంటుంది. కాబట్టి గట్టిగా గాలి వీచే రోజు ఎంచుకోండి, లేదా మీ వాసన జారిపోయే దారి పడకని తప్పించుకుని పక్కకి పోయేలా చెట్టు ఎంచుకోండి. కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) దాటిన మర్నాడు వాయవ్య గాలి నిలకడగా వీస్తుంది, మొదటి రెండు వారాల్లో అలాంటి సాయంత్రం వస్తే ఆఫీస్‌లో లీవ్ పెట్టి వెళ్ళండి.

వెళ్ళే దారి కూడా మార్చిలోనే తేల్చుకోవాలి. చేను దాటి వెళ్తే ముందే చూసేస్తాయి, అందుకే కాలువ ఉంటే కయాక్ (చిన్న తెడ్డు పడవ) మంచిది, నీళ్ళ మీద మన వాసన పెద్దగా మిగలదు, తెడ్డు అంచుకి తగలకుండా వేస్తే శబ్దమూ ఉండదు. లైఫ్ జాకెట్ వేసుకోండి, వేడర్స్‌తో (నీళ్ళు చొరని బూటు ప్యాంటుతో) ఊబిలో దిగేటప్పుడు కర్రతో లోతు చూసుకుంటూ అడుగెయ్యండి, చెట్టెక్కితే నేల మీదనుంచే హార్నెస్ (పడకుండా ఆపే బెల్టు) తాడు తగిలించుకోండి. పిడుదులు విపరీతం, బట్టలకి పెర్మెత్రిన్ మందు కొట్టి ముందురోజే ఆరబెట్టుకోండి, వాటివల్ల వచ్చే లైమ్ జబ్బు చిన్నది కాదు. ప్రభుత్వ భూమిలో అయితే కొమ్మలు నరకడం, చెట్టుకి మేకులు కొట్టడం కుదరదు, స్టాండ్ (చెట్టు మీద కూర్చోడానికి కట్టే సీటు) రూల్స్ డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పుస్తకంలో చదివి వెళ్ళండి.

ఉదయం వేట ఈ టైమ్‌లో నేను చెయ్యను. చీకట్లో మనం వెళ్ళేసరికి అది తిని తిరిగొస్తూ ఉంటుంది, దారిలో ఎదురైతే మొత్తం చెడుతుంది. సాయంత్రాలే, అదీ ఒక్కో చోట మొదటిసారి కూర్చున్నప్పుడే అవకాశం ఎక్కువ, రెండోసారికి నేలమీద మన వాసన పట్టేస్తుంది. అందుకే నాలుగైదు చోట్లు సిద్ధం పెట్టుకుని మార్చుకుంటూ పోవాలి.

బాణం తగిలాక తొందరపడొద్దు. జమ్ములో నెత్తుటి జాడ నీళ్ళలో కలిసిపోతుంది, కాబట్టి చివరిసారి కనిపించిన చోటుని దిగకముందే కంపాస్‌తో గుర్తు పెట్టుకోండి. ఊపిరితిత్తులకి తగిలితే అరగంట ఆగండి, కాలేయానికి తగిలితే నాలుగు నుంచి ఆరు గంటలు, పేగులకి తగిలిందని అనుమానం వస్తే ఎనిమిది గంటలైనా కదిలించొద్దు, తరిమితే ఇంకా లోతు జమ్ములోకి పోయి దొరక్కుండా పోతుంది. సెప్టెంబర్ వేడికి మాంసం త్వరగా పాడవుతుంది, దొరికిన వెంటనే పేగులు తీసి, కారులో ముందే పెట్టుకున్న ఐస్ బ్యాగ్‌లు లోపల పెట్టండి. దొరికిన మర్నాడు సాయంత్రం 5 లోపు రిజిస్టర్ చెయ్యాలి, ఫోన్‌లో అయిపోతుంది. విస్కాన్సిన్‌లో సీడబ్ల్యూడీ (జింకల మెదడుని పాడుచేసే) జబ్బు 2002లో బయటపడింది, తల శాంపిల్ ఇస్తే డీఎన్ఆర్ ఉచితంగా టెస్ట్ చేస్తుంది, రిపోర్ట్ వచ్చేదాకా మాంసం ప్యాకెట్ల మీద జింక నంబర్ రాసి ఫ్రీజర్‌లో విడిగా పెట్టుకోండి.